‘కావవే’ అన్న గజేంద్రుడు, ‘కావరే’ అనని ప్రహ్లాదుడు

ఈసారి మాకు అందిన సాహిత్య ప్రశ్నలలో ఎక్కువ భాగం పోతన భాగవతంలోని రెండు ప్రసిద్ధ పద్యాలకు సంబంధించినవే. ఒకటి ఎనిమిదో స్కంధంలో గజేంద్రుడు పెట్టిన మొర, ‘లా వొక్కింతయు లేదు’. రెండోది ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తన గురువుకు చెప్పిన సమాధానం, ‘మందార మకరంద మాధుర్యమున’. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ రెండు పద్యాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. ఈ రెండు పద్యాలనూ పోల్చమని అడిగితే నా విద్యార్థులు దాదాపు ఒకే మాట చెబుతున్నారు. ప్రహ్లాదుడిది అచంచలమైన భక్తి అనీ, గజేంద్రుడు మాత్రం ఆపద ముంచుకొచ్చాకే దేవుణ్ణి తలచుకున్నాడనీ, ఆ తలచుకోవడం కూడా ‘కలఁడో లేఁడో’ అన్న అనుమానంతోనే సాగిందనీ వారి అభిప్రాయం. భక్తి, పట్టుదల అనే రెండు గుణాల దృష్టితో వీటిని ఎలా పోల్చి చెప్పాలి? (ఒక ఉపాధ్యాయిని)

సమాధానం: మీ విద్యార్థుల మాటకు సంప్రదాయంలో ఆధారం లేకపోలేదు. భగవద్గీత ఏడో అధ్యాయంలో ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని భక్తులను నాలుగు విధాలుగా చెప్పి, వారిలో జ్ఞానిని విశిష్టుడన్నారు. ఆపదలో మొరపెట్టుకున్న గజేంద్రుణ్ణి ఆర్తుల వరుసలోనూ, ఏ కోరికా లేని ప్రహ్లాదుణ్ణి జ్ఞానుల వరుసలోనూ నిలిపితే తీర్పు వెంటనే వచ్చేస్తుంది. అయితే మీరు భక్తితో పాటు పట్టుదలను కూడా అడిగారు. ఆ రెండో గుణాన్ని పట్టుకుని చూసినప్పుడు ఈ పోలిక అంత సులభంగా తేలదు. ముందుగా గజేంద్రుని పద్యాన్ని పూర్తిగా చూద్దాం.

లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుఁగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా!

ఈ శార్దూలంలో మొదటి రెండు పాదాలూ గజేంద్రుడు పోగొట్టుకున్న వాటి పట్టిక. బలం, ధైర్యం, ప్రాణాల నిలకడ, స్పృహ, శరీరం అన్నీ ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి. విశేషణాలు లేవు, సమాసాల బరువు లేదు, చిన్న చిన్న వాక్యాలు మాత్రమే ఉన్నాయి. ఊపిరి అందనివాడు మాట్లాడే తీరు అలాగే ఉంటుంది. మూడో పాదంలో ‘నీవే తప్ప’ అన్న దగ్గర పద్యం మలుపు తిరుగుతుంది.

ఇంతవరకు మాత్రమే చదివితే పట్టుదల లేనివాడి మాటగానే వినిపిస్తుంది. కానీ ఈ మాట అన్నవాడు అంతకుముందు ఏం చేశాడో పోతన స్పష్టంగా చెప్పాడు:

అలయక సొలయక వేసట
నొలయక కరి మకరితోడ నుద్దండత రా
త్రులు సంధ్యలు దివసంబులు
సలిపెన్ బో రొక్కవేయి సంవత్సరముల్

పగలనకుండా, రాత్రనకుండా, సంధ్యవేళ కూడా ఆగకుండా వెయ్యి సంవత్సరాలు పోరాడినవాడికి పట్టుదల లేదని ఎలా అనగలం? మన సాహిత్యంలో అంతటి పట్టుదల చూపిన పాత్రలు చాలా తక్కువ. ఆ పట్టుదల అతణ్ణి ఒడ్డుకు చేర్చలేదన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం. పోరు జరుగుతున్నది నీటిలో. మొసలికి నీరే ఇల్లు, నీరే ఆహారం, నీరే బలం. అందుకే రోజులు గడిచేకొద్దీ మొసలి పెరిగిందనీ, ఏనుగు ‘బహుళపక్ష శీతభాను పగిది’, అంటే కృష్ణపక్షపు చంద్రుడిలా క్షీణించిందనీ పోతన వర్ణించాడు. ఎంత ఎక్కువగా ప్రయత్నిస్తే అంత ఎక్కువగా ఓడిపోయే పరిస్థితి అది. ఆ సంగతి గజేంద్రుడు గుర్తించిన క్షణాన్ని కూడా కవి వదిలిపెట్టలేదు. ‘మిథ్యామనోరథ మింకేటికి’ అనుకున్నాడట, గెలుస్తానన్న ఈ వట్టి ఆశ ఇంకా ఎందుకని. అతని భక్తి ఆ గుర్తింపుతోనే మొదలయింది. వెయ్యేళ్ళూ తన బలాన్ని నమ్ముకుని నిలిచినవాడు, ఆ బలం ఇక చాలదని ఒప్పుకోవడానికి కూడా గుండె కావాలి. మీ తరగతిలో ఈ మాటను గట్టిగా చెప్పమని నా మనవి.

ఇక అనుమానం సంగతి. అందరూ ఎత్తి చూపే ‘కలఁ డందురు దీనుల యెడ’ అన్న కంద పద్యం నిజంగానే సందేహంతో ముగుస్తుంది. దీనుల పక్షాన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అలా ఉన్నాడు ఉన్నాడనిపించుకునే ఆయన నిజంగా ఉన్నాడో లేడో అని గజేంద్రుడు అంటాడు. ఆ మాట అన్న తర్వాత కూడా అతడు నోరు మూసుకోలేదు. వెంటనే ‘కలుగఁడే నాపాలిఁ గలిమి సందేహింపఁ’ అంటూ సీస పద్యం ఎత్తుకుని తన సందేహంతో తానే వాదిస్తాడు. ఆ తర్వాత ‘లా వొక్కింతయు లేదు’ అని సర్వం అప్పగించేస్తాడు. ఇక్కడితో సందేహం తీరిపోయిందని మనం అనుకుంటాం. చాలామంది వ్యాఖ్యానం కూడా ఇక్కడే ఆగుతుంది. అయితే దాని వెనుకనే వచ్చే పద్యాన్ని చూడండి:

వినుదఁట జీవుల మాటలు
చనుదఁట చనరానిచోట్ల శరణార్థుల కో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహమయ్యెఁ గరుణావార్ధీ!

శరణాగతి తర్వాత కూడా సందేహం తిరిగి వచ్చింది! జీవుల మాటలు వింటావట, వెళ్ళరాని చోట్లకైనా వెళ్తావట, శరణన్నవాళ్ళు పిలిస్తే ‘ఓ’ అంటావట, అన్నీ చూస్తావట, అయినా నాకు అనుమానంగా ఉంది అని దేవుడితోనే చెబుతున్నాడు. అనుమానాన్ని దాచుకోలేదు, దానికి సిగ్గుపడలేదు, దాన్ని కూడా ‘కరుణావార్ధీ’ అన్న సంబోధనతో ఆయన ముందే పెట్టాడు. ఆ వెంటనే ‘ఓ కమలాప్త! యో వరద!’ అని మళ్ళీ పిలిచాడు. గజేంద్రుని పట్టుదలలో రెండో దశ ఇది. మొదటి దశలో కాళ్ళతో, తొండంతో, దంతాలతో పట్టు విడవలేదు. రెండో దశలో, జవాబు వస్తుందో రాదో తెలియకపోయినా పిలుపు విడవలేదు. నా దృష్టిలో వెయ్యేళ్ళ పోరాటం కంటె ఈ కొద్ది పద్యాల పిలుపే కష్టమైనది.

ఇప్పుడు ప్రహ్లాదుని పద్యానికి వద్దాం.

మందార మకరంద మాధుర్యమునఁ దేలు
మధుపంబు వోవునే మదనములకు
నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు
రాయంచ సనునె తరంగిణులకు
లలిత రసాలపల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకుఁ
బూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం
బరుగునే సాంద్ర నీహారములకు
అంబుజోదర దివ్యపాదారవింద
చింతనామృత పానవిశేష మత్త
చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు
వినుతగుణశీల! మాటలు వేయు నేల?

ఈ పద్యాన్ని పట్టుదలకు ఉదాహరణగా చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. ఇందులో తుమ్మెద, రాయంచ, కోయిల, చకోరం ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ పళ్ళబిగువున తన చోట నిలబడలేదు. మందార మకరందం రుచి మరిగిన తుమ్మెద ఉమ్మెత్త పూల దగ్గరికి పోకుండా ఉండటానికి నిగ్రహం చూపనక్కరలేదు. దానికి అటు పోవాలనే అనిపించదు. నాలుగు పాదాలలోనూ ‘పోతుందా?’ అన్న ప్రశ్నే తప్ప ‘పోకూడదు’ అన్న నియమం ఎక్కడా కనిపించదు. ప్రహ్లాదుడు తన నిలకడను ఒక ప్రతిజ్ఞగా చెప్పడం లేదు, తన మనసుకు కలిగిన రుచిగా చెబుతున్నాడు.

ఈ పద్యానికి ముందున్న సందర్భం కూడా ఇదే చెబుతుంది. నీకీ విపరీత బుద్ధి నీ అంతట నీకే పుట్టిందా, ఎవరైనా నేర్పారా అని గురువు అడిగాడు. దానికి ప్రహ్లాదుడు, అయస్కాంతం దగ్గర ఇనుము ఎలా చలిస్తుందో హృషీకేశుని సన్నిధిలో నా చిత్తం అలా అవుతున్నది అన్నాడు, అదీ ‘దైవయోగమునఁ జేసి’ అన్నాడు. అంటే పట్టుకున్నది తాను కాదు, తననే ఏదో పట్టుకుంది. ఏనుగుల చేత తొక్కించినా, పాముల చేత కరిపించినా, విషం పెట్టినా, మంటల్లోకీ సముద్రంలోకీ తోయించినా అయిదేళ్ళ పిల్లవాడు చలించకపోవడానికి కారణం ఈ పద్యంలోనే ఉంది. హింస గురించి చెప్పే పద్యాలు ఆ కారణం ఫలించిన తీరును చూపిస్తాయి. వాటిలో ఒక ఉత్పలమాలను తప్పక ఉదహరించాలి:

పాఱఁడు లేచి దిక్కులకు బాహువు లొడ్డఁడు బంధురాజిలోఁ
దూఱఁడు ఘోరకృత్య మని దూఱఁడు తండ్రిని మిత్రవర్గముం
జీరఁడు మాతృసంఘము వసించు సువర్ణగృహంబులోనికిం
దాఱఁడు కావరే యనఁడు తాపము నొందఁడు కంటగింపఁడున్

దిక్కులు పట్టి పరుగెత్తడు, దెబ్బ తగలకుండా చేతులు అడ్డుపెట్టడు, చుట్టాల గుంపులో దాక్కోడు, తండ్రిని నిందించడు, స్నేహితులను పిలవడు, తల్లులుండే బంగారు మేడలోకి జారుకోడు, కాపాడండి అనడు, బాధపడడు, ద్వేషించడు. పిల్లవాడు కాబట్టి సహజంగా చేయవలసిన పనులన్నీ ఇందులో ఉన్నాయి, వాటిలో ఒక్కటీ అతడు చేయలేదు. ఈ జాబితాలో నా మనసును ఎప్పుడూ కదిలించేది తండ్రిని నిందించకపోవడం. భయం లేకపోవడం ఒక ఎత్తయితే, కొట్టిస్తున్నవాడి మీద కోపం కూడా లేకపోవడం మరొక ఎత్తు. నరసింహుడు వరం కోరుకోమన్నప్పుడు ఇదే ప్రహ్లాదుడు తన తండ్రి పాపం నుంచి శుద్ధుడు కావాలని అడగడానికి బీజం ఇక్కడే పడింది.

ఈ పద్యంలోని ‘కావరే యనఁడు’నూ, గజేంద్రుని పద్యంలోని ‘కావవే వరద’నూ పక్కపక్కన పెట్టి విద్యార్థులకు చూపించండి. ఒకే కవి, పక్కపక్క స్కంధాలలో, ఒక భక్తుడి చేత రక్షించమని అడిగించాడు, మరొక భక్తుడు ఆ మాట అననే లేదని చెప్పాడు. ఇద్దరినీ హరి వచ్చి కాపాడాడు. అడిగినవాడి కోసం కొలను దగ్గరికి వచ్చాడు, అడగనివాడి కోసం స్తంభంలోంచి వచ్చాడు. కవి వారిలో ఎవరినీ తక్కువ చేయలేదు కనుక, ఎవరు గొప్ప అన్న ప్రశ్న కంటె, ఎవరికి భక్తి ఏ దారిలో వచ్చింది అన్న ప్రశ్న తరగతికి ఎక్కువ మేలు చేస్తుంది. గజేంద్రుడికి పట్టుదల ముందు, భక్తి తర్వాత. ఉన్న బలమంతా ఖర్చయ్యాక భక్తి మేల్కొంది. ప్రహ్లాదుడికి భక్తి ముందు, పట్టుదల దాని నీడ. తల్లి గర్భంలో ఉండగానే నారదుని ఉపదేశం విన్నవాడు కాబట్టి, ఆ పట్టుదల కోసం అతడు విడిగా శ్రమించవలసిన అవసరం రాలేదు.

‘ఆపదలోనే తలచుకున్నాడు’ అన్న ఆక్షేపణకు మరొక జవాబు కూడా ఉంది. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. ద్రవిడ దేశాన్ని ఏలినవాడు, విష్ణుభక్తుడు. మౌనంగా పూజలో ఉండి అగస్త్య మహర్షిని ఆదరించకపోవడంతో శాపం పొంది ఏనుగయ్యాడు. ఆ మొర నాలుక మీదికి ‘పూర్వపుణ్యఫల దివ్యజ్ఞాన సందీప్తితో’ వచ్చిందని పోతన చెప్పడానికి కారణం ఇదే. ఆపద ఆ భక్తిని పుట్టించలేదు. మరుగున పడినదాన్ని పైకి తెచ్చింది.

ప్రశ్న: గజేంద్ర మోక్షంలో మొసలిని యోగీంద్రుడితో పోల్చిన పద్యం చదివి ఆశ్చర్యపోయాను. భక్తుణ్ణి హింసించే జంతువుకు అంత గొప్ప ఉపమానం ఎందుకు? (ఒక విశ్రాంత ఉద్యోగి)

సమాధానం: మీరు అడిగిన పద్యం ఇది:

పాదద్వంద్వము నేలమోపి పవనుం బంధించి పంచేంద్రియో
న్మాదంబుం బరిమార్చి బుద్ధిలతకున్ మాఱాకు హత్తించి ని
ష్ఖేదబ్రహ్మపదావలంబన రతిం గ్రీడించు యోగీంద్రు మ
ర్యాదన్ నక్రము విక్రమించెఁ గరిపాదాక్రాంత నిర్వక్రమై

రెండు పాదాలనూ నేలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, పంచేంద్రియాల ఉద్రేకాన్ని అణచి, బుద్ధి అనే తీగకు కొత్త చిగురు తొడిగించి, బ్రహ్మపదాన్ని పట్టుకుని ఆనందించే యోగీంద్రుడిలా మొసలి ఏనుగు కాలిని పట్టుకుని విజృంభించింది అని భావం. దీనిని కేవలం చమత్కారంగా తీసిపారేయకూడదని నా అభిప్రాయం. పట్టుదల అనేది దానంతట అదే సద్గుణం కాదనే సత్యాన్ని పోతన ఇక్కడ మన కళ్ళముందు ఉంచాడు. ఏకాగ్రత, శ్వాస నియమం, ఇంద్రియ నిగ్రహం, చలించని పట్టు, ఇలా యోగికి ఉండవలసినవన్నీ మొసలికి ఉన్నాయి. తేడా అది పట్టుకున్న వస్తువులోనే ఉంది. యోగి బ్రహ్మపదాన్ని పట్టుకున్నాడు, మొసలి కరిపాదాన్ని పట్టుకుంది.

ప్రహ్లాద చరిత్రలో కూడా ఇదే అమరిక కనిపిస్తుంది. ఆ కథలో శ్రమతో కూడిన పట్టుదల అంతా హిరణ్యకశిపుడిది. మందర పర్వతపు లోయలో కాలి బొటనవేళ్ళ మీద నిలబడి, చేతులు పైకెత్తి, శరీరాన్ని చీమలు తినేసినా కదలకుండా తపస్సు చేశాడు. అతడి తపోజ్వాలకు లోకాలు తపించిపోతే బ్రహ్మ దిగివచ్చి కమండలు జలం చల్లి వజ్రంలాంటి దృఢమైన శరీరం ఇచ్చాడు. ఆ స్థాయి దీక్ష అతని కొడుకు చేసినట్టు భాగవతంలో ఎక్కడా లేదు. మరి ఆ దీక్షతో హిరణ్యకశిపుడు సంపాదించినది ఏమిటంటే, చావు నుంచి తప్పించుకునే వరాల జాబితా. ‘లోకము లన్నియున్ గడియలోన జయించినవాఁడ వింద్రియానీకముఁ జిత్తమున్ గెలువనేరవు’ అని అయిదేళ్ళ కొడుకు తండ్రికి చెప్పిన మాట ఆ తపస్సు మొత్తం మీద చేసిన విమర్శగా నాకు తోస్తుంది.

అయితే భాగవతం ఈ ఇద్దరినీ అక్కడే వదిలిపెట్టలేదు. మొసలి పూర్వం హూహూ అనే గంధర్వుడు, దేవల ముని శాపంతో ఆ రూపం పొందాడు. చక్రం తగలగానే మళ్ళీ గంధర్వుడై హరిని స్తుతించి వెళ్ళాడు. ఏడో స్కంధం మొదట్లోనే నారదుడు ధర్మరాజుకు ‘కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు’ అన్న పద్యంలో, వైరంతో శిశుపాలుడు మొదలైనవారు కూడా చక్రిని చేరారని చెప్పాడు. తప్పు వస్తువును పట్టుకున్న పట్టుదలకు సైతం హరి ఎదురైతే ముగింపు మారిపోతుందని ఆ గ్రంథం నమ్మకం.

ప్రశ్న: వరం కోరేవాడు భక్తుడు కాడు, వర్తకుడు అని ప్రహ్లాదుడు నరసింహుడితో అన్నాడని విన్నాను. ఆ లెక్కన ప్రాణభిక్ష కోరిన గజేంద్రుడి భక్తి వర్తకమే అవుతుందా? (ఒక పాఠకుడు)

సమాధానం: ఆ మాట వ్యాసభాగవతం సప్తమ స్కంధం పదో అధ్యాయంలో ఉంది. ప్రభువు నుంచి లాభం ఆశించి సేవించేవాడు సేవకుడు కాడు, వణిజుడు అని దాని భావం. గజేంద్రుడికి అది వర్తిస్తుందా అంటే, వర్తించదని సమాధానం. వర్తకుడు ఏదో ఒకటి ఇచ్చి మరొకటి తీసుకుంటాడు. గజేంద్రుడి దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు, ఆ సంగతినే అతడు మొదటి రెండు పాదాలలో చెప్పాడు. తాను చేసిన పూజలను గుర్తుచేయలేదు, బయటపడితే ఇది చేస్తాను అని మొక్కుకోలేదు.

మూలంలో ఇంకో అడుగు ముందుకు వెళ్ళిన శ్లోకం ఉంది. అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో గజేంద్రుడు ‘జిజీవిషే నాహమ్’ అంటాడు. లోపలా బయటా అజ్ఞానం కప్పిన ఈ ఏనుగు జన్మతో బతకాలన్న కోరిక నాకు లేదు, ఆత్మజ్ఞానాన్ని కప్పిన ఆ తెర నుంచి విడుదల కావాలి అని కోరతాడు. కాబట్టి అతడు అడిగినది కాలి విడుదల ఒక్కటే అనుకోవడం పొరపాటు. అయినా నాకు తెలుగు పద్యంలోని గజేంద్రుడే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాడు. తత్త్వం మాట్లాడుతూ మాట్లాడుతూ, చివరకు ‘రావే, కావవే’ అనేంత వరకు దిగివచ్చాడు. కష్టంలో ఉన్న మనిషి నోటికి అందే ప్రార్థన అది.

ప్రశ్న: ఈ పద్యాలు సంస్కృత శ్లోకాలకు అనువాదాలేనా? పోతన సొంతంగా చేర్చినవి ఏమిటి? (డిగ్రీ విద్యార్థి)

సమాధానం: కథ వ్యాసుడిది, కథలోని గుండె చప్పుడు చాలా చోట్ల పోతనది. అయస్కాంతం ఉపమానం మూలంలో ఉంది, మందార మకరందపు సీసం వంటి విస్తరణ తెలుగులో వచ్చింది. పోతన చేసిన మార్పులలో నేను అన్నిటికంటె ముందు చెప్పేది హరి బయలుదేరిన తీరు. మూలంలో శ్రీహరి గరుడుని మీద, చక్రం ధరించి గజేంద్రుడున్న చోటికి వేగంగా వచ్చాడు. తెలుగులో ‘సిరికిం జెప్పఁడు’ అన్న మత్తేభం దానిని పూర్తిగా మార్చేసింది. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయడు, చెవి దాకా జారిన జుట్టు సవరించుకోడు, ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మి కొంగు కూడా వదలడు.

ఈ పద్యం నిర్మాణాన్ని పైన చెప్పిన ‘పాఱఁడు లేచి’ పద్యంతో పోల్చి చూడండి. రెండింటినీ వరుసగా లేనివాటితోనే కట్టాడు. ఒకచోట తన్ను కాపాడుకోవడానికి చేయవలసిన పనులేవీ భక్తుడు చేయడు. మరొకచోట బయలుదేరే ముందు చేయవలసిన పనులేవీ భగవంతుడు చేయడు. భక్తుడి నిశ్చలత్వానికీ, భగవంతుడి తొందరకూ పోతన ఒకే శిల్పాన్ని వాడాడు. ఈ రెండింటి మధ్య పోలిక మీ పరిశోధన వ్యాసానికి మంచి అంశం కాగలదు. దీనికి ముందు వచ్చే ‘విశ్వమయత లేమి’ అన్న పద్యాన్ని కూడా వదిలిపెట్టవద్దు. బ్రహ్మాది దేవతలు మొర విని కూడా, తమకు విశ్వమయత్వం, అంటే విశ్వమంతా తామే అయి ఉండే గుణం, లేకపోవడం వల్ల ఊరకుండిపోయారని అందులో ఉంది. గజేంద్రుడు ఎవరి పేరూ పెట్టకుండా ‘ఎవ్వనిచే జనించు జగము’ అని మూలకారణాన్నే పిలిచాడు కనుక, ఆ పిలుపు తమది కాదని మిగిలినవారు గ్రహించారు.

ప్రశ్న: మా అమ్మాయికి గజేంద్ర మోక్షం పద్యాలు నేర్పిస్తున్నాను. అన్నీ ఒకేసారి కష్టం. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు నేర్పితే భావం తెగకుండా ఉంటుంది? (ఒక తల్లి)

సమాధానం: చాలామంది ‘ఎవ్వనిచే జనించు’, ‘లా వొక్కింతయు’, ‘అల వైకుంఠపురంబులో’, ‘సిరికిం జెప్పఁడు’ అనే నాలుగింటినే నేర్పి ఆపేస్తారు. అవి అందమైనవే కానీ, వాటి మధ్య నడిచే మనసు కథ జారిపోతుంది. అమ్మాయికి మరో మూడు పద్యాలు మోయగల వయసుంటే ‘అలయక సొలయక’, ‘కలఁ డందురు’, ‘వినుదఁట జీవుల మాటలు’ చేర్చండి. మూడూ కందాలే కాబట్టి చిన్నపిల్లలకు సులభంగా పట్టుబడతాయి. ‘అలయక సొలయక’ను మొదటనే నేర్పండి, గజేంద్రుడు ఎంత పోరాడాడో తెలిస్తేనే అతని మొరకు విలువ తెలుస్తుంది. ‘వినుదఁట’ను మాత్రం తప్పనిసరిగా ‘లా వొక్కింతయు’ వెనుకనే చెప్పించండి, ఆ వరుస మార్చవద్దు. చదివేటప్పుడు ‘సందేహమయ్యెఁ’ దగ్గర గొంతు తగ్గించమనకండి, గజేంద్రుడు ఆ మాటను కూడా దేవుడికి వినిపించాలనే అన్నాడు.